అలుగు లేని గట్టు

బెజవాడ సింగ్‌నగర్‌లో మా పెద్దమ్మ వాళ్ల హాలు గోడ మీద ఒక గీత ఉంది. వరద తర్వాత గోడలు గీకించారు, లప్పం పెట్టించారు, రెండు కోట్లు పెయింట్ వేయించారు. అయినా వానాకాలం వచ్చి గోడ చెమ్మ పట్టగానే ఆ గీత మళ్లీ పైకి తేలుతుంది. నేను పక్కన నిలబడితే నా ఛాతీకి కాస్త పైనుంటుంది. దాని కింద గోడ ఒక రంగు, పైన ఒక రంగు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం పొద్దున ఆ ఇంటి ముందుకి నీళ్లొచ్చాయి. ముందురోజు శనివారమంతా కుండపోత. ఒక్క రోజులోనే పాతిక సెంటీమీటర్ల పైమాటే కురిసింది. మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడింది. అందుకని పొద్దున్నే వీధిలో నీళ్లు చూసి పెద్దమ్మ పెద్దగా కంగారు పడలేదు. వాన నీళ్లే కదా, మధ్యాహ్నానికి లాగేస్తాయిలే అనుకుంది. వాన తగ్గుముఖం పట్టింది. నీళ్లు మాత్రం పెరిగాయి. గడప దాటాయి, మంచం కోళ్లు దాటాయి. ఫ్రిజ్ పక్కకి ఒరిగి తేలింది. అప్పటికి వాళ్లు బియ్యం డబ్బా, గ్యాస్ బండ, పెదనాన్న బీపీ మాత్రలు తీసుకుని డాబా ఎక్కేశారు. నాలుగు రోజులు పైనే ఉన్నారు. "నీళ్లు కాదురా అబ్బాయ్, మురుగు. నల్లగా, చిక్కగా ఉంది. అందులోనే పాలప్యాకెట్ల కోసం చెయ్యి చాపాం" అని తర్వాత ఎన్నిసార్లు చెప్పిందో.

బెజవాడ వాళ్లకి వరదంటే కృష్ణే. వాన పడితే బ్యారేజీ దగ్గర ఎంతుంది, ఎన్ని గేట్లెత్తారు అని అడుగుతాం. రాణిగారి తోట, కృష్ణలంక వాళ్లు ఆ లెక్క చూసే ఇల్లు సర్దుకుంటారు. ఈ నీళ్లు మాత్రం ఊరి ముందునుంచి రాలేదు, వెనకనుంచి వచ్చాయి. బుడమేరు నుంచి.

ఆ వరద గురించి మాట్లాడిన ప్రతిచోటా ఒకటే మాట విన్నాను: బుడమేరు వరదని కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువని వెడల్పు చేసేస్తే సమస్య తీరిపోతుంది. వెడల్పు చేయాలి, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ ఒక్కదానితో ఆగిపోతే ఆ గీత మళ్లీ పడుతుందని నా భయం. ఏటిని మళ్లించామన్న ధైర్యంతో అసలు ఏటిని చంపేసుకున్నాం. మళ్లింపుని బాగుచేయాలంటే ముందు అసలు ఏటిని బతికించుకోవాలి. వరద విషయంలోనూ అంతే, నీటి శుభ్రత విషయంలోనూ అంతే. ఇదెందుకు అంటున్నానో వివరంగా చెప్తాను, కాస్త ఓపికగా చదవండి.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టే ఏరు. పులివాగు, లోయవాగు, భీమవాగులాంటి కొండవాగులు కలుపుకుని, బెజవాడ ఉత్తరపు అంచు పట్టుకుని, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కిందుగా దాటి, గన్నవరం, నందివాడ వైపు పొలాల మీదుగా కొల్లేరులో కలుస్తుంది. తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, చివర సముద్రంలోకి తీసుకెళ్లే ఉప్పుటేరు, అన్నీ ఏర్లే. వాటిలో ఇదొకటి. ఇప్పుడు మనవాళ్లు దాన్ని 'డ్రెయిన్' అంటున్నారు. కాగితాల్లో అదే మాట, జనం నోట్లోనూ అదే మాట. ఏరు అన్నప్పుడు గట్టు మీద ఇల్లు కట్టుకోవడానికి మనసొప్పదు. డ్రెయిన్ అన్నాక మరుగుదొడ్డి గొట్టం అందులోకి వదలడానికి ఎవరూ వెనకాడరు.

ఇది కొండవాగుల ఏరు. ఏడాదిలో ఎక్కువ కాలం పాయలా ఉంటుంది. పైన గట్టి వాన పడితే కొన్ని గంటల్లో నిండి దూకుతుంది. ఆ దూకుడు ఊరి మీదికి రాకుండా జి.కొండూరు మండలం వెలగలేరు దగ్గర ఏటికి అడ్డంగా రెగ్యులేటర్ కట్టారు. అక్కడినుంచి డైవర్షన్ కాలువ తవ్వి, కొండపల్లి పక్కగా తీసుకెళ్లి, ఇబ్రహీంపట్నం దగ్గర ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపారు. పది పన్నెండు కిలోమీటర్ల కాలువ.

మొన్న సంక్రాంతికి మా తమ్ముణ్ని బండెక్కించుకుని వెలగలేరు వెళ్లాను. అదెలా ఉంటుందో నా కళ్లతో చూడాలనిపించింది. గేట్ల గొలుసులకి గ్రీజు దట్టంగా పట్టించి ఉంది. ఎగువన నీళ్లు కదలకుండా నిలబడి ఉన్నాయి, గుర్రపుడెక్క మీద కొంగలు వాలుతున్నాయి. దిగువన అసలు ఏరు ఉండాల్సిన చోట తుమ్మచెట్లు, రెండు గేదెలు. పక్క చేలో మినుముకి మందు కొడుతున్న పెద్దాయన మమ్మల్ని చూసి, ఎవరబ్బాయ్ అని పలకరించాడు. సింగ్‌నగర్ మా పెద్దమ్మ వాళ్ల ఊరండీ, వరదొచ్చింది కదా, చూద్దామని వచ్చామండీ అన్నాను. ఆయన స్ప్రేయరు దించి గేట్లవైపు చూపించాడు. "ఈ తలుపులు దించితే నీళ్లు కృష్ణకి, ఎత్తితే మీ మీదికి. దించినా ఎత్తినా ముందు మునిగేది మా చేను."

పెద్దాయన చెప్పిన దానికి కొన్ని అంకెలు జోడిస్తే విషయం అర్థమవుతుంది. డైవర్షన్ కాలువ 15 వేల క్యూసెక్కులు పారే లెక్కలో ఉన్నది. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. 15 వేల క్యూసెక్కులంటే 10 వేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు సెకనుకి 42 చొప్పున ఆగకుండా వెళ్తున్నట్టు. 2024 ఆగస్టు 31 రాత్రి వచ్చిన వరద దానికి రెట్టింపుకి పైనే అన్నారు. కాలువ ఎడమ గట్టుకి మూడు గండ్లు పడ్డాయి. ఎడమ గట్టంటే ఊరి వైపు గట్టు. కృష్ణకి పంపామనుకున్న నీళ్లు గండ్లలోంచి పడి, వెనక్కి తిరిగి పాత బుడమేరు పల్లంలోకే వచ్చాయి. రాయనపాడు స్టేషను మునిగి రైళ్లు ఆగిపోయాయి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, అటు పక్క రామవరప్పాడు దాకా లక్షలమంది నీళ్లలో ఉన్నారు. రాష్ట్రంలో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. గండ్లు పూడ్చడానికి సైన్యం ఇంజనీర్లు రావలసి వచ్చింది. ఇనుప వలల బుట్టల్లో రాళ్లు నింపి పేర్చుకుంటూ మూడో గండిని పూడ్చేసరికి సెప్టెంబరు 7 అయింది. ఆ రోజు వినాయకచవితి.

గట్టు తెగిందంటే మనం ఇసుక తిన్నారనో, ఎలుక కన్నాలనో, పర్యవేక్షణ లేదనో వెతుకుతాం. వెతకాలి కూడా. కానీ నాకు అంతకన్నా మొదటి ప్రశ్న ఒకటుంది. ఈ గట్టుకి అలుగు ఏది?

మన చెరువుల సంగతి గుర్తు చేసుకోండి. కాకతీయుల నాటి చెరువు కానీ, జమీందారు తవ్వించిన ఊరచెరువు కానీ, కట్టతో పాటు రెండు ఉంటాయి. ఒకటి తూము, పొలానికి. రెండోది అలుగు, చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు పోవడానికి. కట్టలో గట్టి నేల ఉన్నచోటు చూసి, రాతితో కట్టి, కట్ట కన్నా కిందిమట్టంలో అలుగు పెడతారు. చెరువు పొంగితే ఎటు పొంగుతుందో ఊరందరికీ తెలుసు. అలుగు వాగు దారిలో ఎవరూ ఇల్లు కట్టరు. చెరువు అలుగు పోసిందంటే ఊరికి పండగ, కట్ట తెగిందంటే చావు. రెండు సందర్భాల్లోనూ చెరువు దాటి బయటికి వస్తున్నది అవే నీళ్లు. ఎక్కడ దాటాలో మనం చెప్పామా, నీళ్లు చెప్పాయా అన్నదే తేడా.

డైవర్షన్ కాలువ గట్టు ఈ చివరనుంచి ఆ చివరకి ఒకటే ఎత్తు, ఒకటే మట్టి. పైనుంచి పొర్లితే ఎక్కడ పొర్లాలో మనం నిర్ణయించలేదు. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ నీళ్లే నిర్ణయించుకున్నాయి. మట్టి గట్టు మీదుగా ఒకసారి నీళ్లు పొర్లడం మొదలైతే అవతలి వాలు కోసుకుపోతుంది, జాన గండి చూస్తుండగానే బారల గండి అవుతుంది. రేపు కాలువని 37,500 క్యూసెక్కులకి పెంచినా (ప్రతిపాదనల్లో వినిపిస్తున్న అంకె అదే) దానికి మించిన వాన ఎప్పుడో ఒకసారి రాకమానదు. ఆ రోజున తెగేది ఇంకా పెద్ద గట్టు, వచ్చిపడేది ఇంకా ఎక్కువ నీళ్లు. అందుకని గట్టులో ఒకచోట, ఎంచుకున్న చోట, కొంత పొడవు మేర మట్టం తగ్గించి కాంక్రీటుతో అలుగు కట్టాలి. దాని అవతల ఇంకా ఇళ్లు లేవని తేల్చుకున్న పల్లపు పొలాలని రెండో గట్టుతో చుట్టి, నీళ్లు అక్కడ ఆగి, వరద తగ్గాక మెల్లగా పాత ఏట్లోకి దిగేలా చేయాలి. ఆ పొలాల రైతులకి పరిహారం మునిగాక దరఖాస్తు పెట్టుకుంటే ఇచ్చేదిగా ఉండకూడదు. ఎకరానికి ఇంత, ఇన్ని రోజుల్లో, అని ముందే కాగితం రాసి ఇవ్వాలి. ఆ మినుము చేను పెద్దాయన ఎలాగూ మునుగుతున్నాడు. ఊరి కోసం మునుగుతున్నాడని ఒప్పుకుని, దానికి తగ్గ హక్కు ఆయన చేతిలో పెట్టడం కనీస న్యాయం.

ఇక కాలువ అవతలి కొస. అసలు చిక్కు అక్కడుంది.

నీళ్లు వాలుని బట్టి పారతాయి. వెలగలేరు దగ్గర మట్టానికీ కృష్ణలో మట్టానికీ ఉన్న తేడానే ఆ వాలు. కృష్ణ మామూలుగా ఉన్నప్పుడు సరే. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. బ్యారేజీ కట్టాక అంత వరద ఎప్పుడూ రాలేదు. నది అలా నిండుగా ఉంటే దాంట్లోకి పోవాల్సిన కాలువ నీళ్లు పోలేవు, ఎగదన్నుతాయి. వాలు సగానికి పడిపోతే కాలువలో ప్రవాహం 30 శాతం దాకా తగ్గుతుంది. అడుగున పూడిక చేరితే నష్టం ఇంకా ఎక్కువ. లోతులో నాలుగో వంతు ఒండ్రు పట్టిందంటే పారే నీరు మూడో వంతుకి పైగా పడిపోతుంది. నాలుగో వంతు పూడితే నాలుగో వంతే కదా పోయేది అనుకుంటాం. నీటి లెక్క అలా ఉండదు. లోతు తగ్గినకొద్దీ వేగమూ తగ్గుతుంది.

కాలువని ఎంత వెడల్పు చేసినా కృష్ణ మట్టం దిగదు కదా. కృష్ణకి, బుడమేరుకి ఒకేసారి వరద రావడం అరుదంటారు. 2024లో వచ్చింది. బంగాళాఖాతంలో ఒకే వాయుగుండం రెండు పరీవాహకాల మీదా కురిస్తే మళ్లీ వస్తుంది. ఆ పూట మోటార్లు పెట్టి తోడేద్దామంటే, గోదావరి నీళ్లు ఎత్తిపోసే పట్టిసీమలో 24 పంపులు కలిసి ఎత్తేవి 8,500 క్యూసెక్కులు. వరద కోసం అలాంటి పట్టిసీమలు రెండో మూడో ఇబ్రహీంపట్నంలో కట్టి, ఎప్పుడో వచ్చే ఒక్క రాత్రి కోసం సిద్ధంగా ఉంచగలమా?

పట్టిసీమ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతీ చెప్పాలి. 2015 నుంచి గోదావరి నీళ్లు పోలవరం కుడికాలువలో వచ్చి, ఈ డైవర్షన్ కాలువ దారినే కృష్ణలో కలుస్తున్నాయి. అవి కృష్ణలో కలిసే పవిత్ర సంగమం దగ్గర మనం దండం పెట్టుకునేది ఆ నీళ్లకే. కృష్ణా డెల్టా నాట్లకి అవి ప్రాణం, అందులో నాకు రెండో మాట లేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రంలో వాడిన నీళ్లు కూడా ఈ దారినే నదిలో కలుస్తాయి. అంటే వరద కోసం తవ్విన కాలువ మీద సాగునీటి పని, కరెంటు పని కూడా పెట్టాం. వరద కాలువ వరద రోజుల్లో ఖాళీగా ఉండాలి, సాగునీటి కాలువ అవే నెలల్లో నిండుగా ఉండాలి. ఒకే గట్ల మధ్య ఈ రెండూ కుదరాలంటే, ఎగువన ఎంత వాన పడితే పంపులు ఎన్ని గంటల ముందు ఆపాలో, బ్యారేజీలో మట్టం ముందుగా ఎంత దించుకోవాలో రాసిపెట్టిన నియమం ఉండాలి. పంపులు ఆపినా 170 కిలోమీటర్లకి పైగా ఉన్న కాలువలో ఉన్న నీళ్లు వస్తూనే ఉంటాయి. ఆ రాత్రి ఫోన్లలో మాట్లాడుకుని తేల్చుకునే విషయం కాదిది.

కృష్ణ నిండుగా ఉన్న రోజున బుడమేరు వరదకి మిగిలే దారి ఒక్కటే, దాని సొంత దారి. కొల్లేరు వైపు. ఆ దారినేం చేశాం?

మళ్లింపు వచ్చాక పాత ఏట్లో నీళ్లు తగ్గాయి. నీళ్లు తగ్గిన ఏరు ఖాళీ జాగాలా కనబడింది. గట్లు పొలాలయ్యాయి, పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు వీధులయ్యాయి. 2005 సెప్టెంబరులో బుడమేరు ఊరిని ముంచింది. అప్పుడు జరిగిన చర్చలో మళ్లింపు కాలువే ముందుకొచ్చింది, పాత ఏరు వెనక్కిపోయింది. సింగ్‌నగర్ చుట్టుపక్కల ఉన్నవాళ్లని ఆక్రమణదారులంటే నాకు కడుపు మండుతుంది. అందులో ఎక్కువమంది రిజిస్ట్రేషన్ ఉన్న స్థలం కొనుక్కున్నారు, ఇంటిపన్ను కడుతున్నారు. వాంబే కాలనీ అన్న పేరే ప్రభుత్వ గృహపథకం పేరు. మా పెదనాన్న ఆ ఇంటి కోసం ఇరవై రెండేళ్లు లారీ తోలాడు. కొనేటప్పుడు ఆ నేల మట్టం బుడమేరు వరద మట్టానికి ఎంత కిందుందో ఆయనకి ఏ కాగితమూ చెప్పలేదు. 2024లో నేలంతస్తు ఇళ్లకి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు సాయం ఇచ్చారు. పెద్దమ్మకి అవి ఫ్రిజ్, పరుపులకే సరిపోయాయి. తీసుకున్నందుకు కృతజ్ఞతే. కానీ ఆ ఇంటికి కావలసింది డబ్బు కాదు. నీళ్లు పోయే దారి కావాలి.

ఎండిన ఏరు ఎండినట్టు కూడా మిగల్లేదు. కొండనీళ్లు ఆగినచోట ఊరి మురుగు చేరింది. వేసవిలో సింగ్‌నగర్ వంతెన మీద నిలబడి చూడండి. అక్కడ కనబడేది ఏటి నీరు కాదు, మన స్నానాల గదుల నీళ్లు, వంటింటి నీళ్లు, దుకాణాల కడుగునీళ్లు. వాటికి వాలు లేదు, వేగం లేదు. ఆక్సిజన్ లేని ఆ నీళ్లలో అడుగున నల్లటి బురద పేరుకుంటుంది, పైన గుర్రపుడెక్క అల్లుకుంటుంది. మురుగులోని పోషకాలే దానికి ఎరువు. గుర్రపుడెక్క నీటి వేగాన్ని ఇంకా తగ్గిస్తుంది, తగ్గిన వేగానికి ఇంకాస్త బురద చేరుతుంది. అంటే మురుగు కాలుష్యమే కాదు, వరద దారిని నింపే పూడిక కూడా. వరదకొక శాఖ, మురుగుకొక శాఖ, పారిశుద్ధ్యానికొక శాఖ అని మనం విడగొట్టుకున్నాం కానీ ఏట్లో అవన్నీ ఒకటే. పెద్దమ్మ ఇంట్లోకి వచ్చిన నీళ్లు నల్లగా ఉన్నదెందుకంటే, వరద ఆ ఏళ్ల బురదనంతా లేపి ఇళ్లలోకి తీసుకొచ్చింది కాబట్టి. నీళ్లు తీశాక వారం రోజులు మేం కడిగింది ఆ బురదనే. ఫినాయిల్, బ్లీచింగ్, సున్నం, ఎన్ని వేసినా చెక్క బీరువా అరల్లోంచి ఆ వాసన పోలేదు. చివరికి పెద్దమ్మ పెళ్లినాటి బీరువాని విరగ్గొట్టి వీధిలో పడేశాం.

అందుకే వెలగలేరులో మొదట మార్చాల్సింది గేట్ల తీరు అంటాను. ఇప్పుడున్న పద్ధతిలో ఆ కట్టడం వరద రోజుల కోసమే ఆలోచిస్తుంది. తలుపు వేసెయ్, లేదా ఎత్తెయ్. కావలసింది చిన్న ప్రవాహాలని పాత ఏట్లోకే వదిలి, ఒక మట్టం దాటినప్పుడు ఎక్కువైన నీళ్లని మాత్రమే డైవర్షన్ కాలువలోకి పంపే ఏర్పాటు. అడుగు మట్టంలో ఎప్పుడూ తెరిచి ఉండే ఒక తూము, కాలువ మొదట్లో గట్టి రాతి కట్టు, దాని ముందు ఒండ్రు దిగడానికి ఒక మడుగు. ఏటా మేలో ఆ మడుగు పూడిక తీస్తే చాలు, పన్నెండు కిలోమీటర్ల కాలువ అంతా తవ్వుకోనక్కరలేదు. శ్రావణ భాద్రపదాల్లో, ఆ తర్వాత ఈశాన్య రుతుపవనాల్లో పాత ఏట్లో కాస్త కొండనీరు పారుతూ ఉంటే అడుగు బురద నెమ్మదిగా కదులుతుంది, దారి తెరిచి ఉంటుంది. అంతకన్నా ముఖ్యంగా, అది ఏరని జనానికి ఏటా గుర్తుంటుంది.

మురుగు ఆగకుండా కొండనీళ్లు వదిలితే మాత్రం మురుగు కొల్లేరుకి చేరుతుంది, అంతే. కాబట్టి రెండు గట్ల వెంట మురుగుని పట్టుకుని శుద్ధి కేంద్రానికి తీసుకెళ్లే గొట్టాలు వేయాలి. హైదరాబాదులో కూకట్‌పల్లి నాలాకి ఈ పని చేశారు. హుస్సేన్‌సాగర్‌లోకి పోయే ముందు నాలాకి అడ్డుకట్టి, మామూలు రోజుల్లో వచ్చే మురుగునంతా మళ్లించి అంబర్‌పేట శుద్ధి కేంద్రం వైపు పంపే ఏర్పాటు అది. వాన రోజున మాత్రం నాలా కట్ట దాటి సాగర్‌లోకే దూకుతుంది. అప్పుడు మొదట దూకేది రోడ్ల మీది నూనె, చెత్త, మురుగు కలిసిన తొలి నీళ్లే. అన్నిటికన్నా మురికి నీళ్లు అవే. అందుకే అంత ఖర్చు పెట్టినా సాగర్ పూర్తిగా బాగుపడలేదు. ఆ అనుభవం చూసి మనం నేర్చుకోవచ్చు. అడ్డుకట్ట పెడితే తొలి వానలో మొదటి గంట నీళ్లని కూడా పట్టి ఉంచే తొట్టి ఒకటి దాని పక్కనే ఉండాలి.

ఈ తొలి వాన సంగతి డైవర్షన్ కాలువకీ వర్తిస్తుంది. అది కలిసేది ప్రకాశం బ్యారేజీకి ఎగువన అని చెప్పాను కదా. బెజవాడ తాగే నీళ్లు అక్కడివే. డెల్టా కాలువల్లోకి వెళ్లి, ఊళ్లలో మంచినీటి చెరువులు నింపేవీ ఆ నీళ్లే. కొండపల్లి, ఇబ్రహీంపట్నం మధ్య పరిశ్రమలున్నాయి, ఊళ్లున్నాయి, పెరుగుతున్న కాలనీలున్నాయి. జూన్‌లో మొదటి గట్టి వానకి ఆ చుట్టుపక్కల నేలంతా కడుక్కుని డైవర్షన్‌లోకి వచ్చే నీళ్లు రెండు మూడు గంటల్లో మన కుళాయి మొదట్లో ఉంటాయి. అందుకని కాలువ కలిసేచోట మట్టంతో పాటు నీటి నాణ్యతనీ కొలవాలి. కరిగిన ఆక్సిజన్ ఎంత, మడ్డి ఎంత, ఉప్పు శాతం ఎంత అన్నది గంటగంటకీ చూసే పరికరాలు ఇప్పుడు కొత్తవేం కాదు.

కొల్లేరు గురించి కూడా ఒక మాట. 1999లో +5 కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా అభయారణ్యం, 2002లో రామ్‌సర్ సరస్సు, అంటే అంతర్జాతీయంగా గుర్తించిన చిత్తడినేల. 2006లో చేపల చెరువులు కొట్టేశారు. ఇవన్నీ మనకి గుర్తే. కొల్లేటికి బుడమేరు మంచినీళ్లు తెచ్చే ఏరు. మంచినీళ్లన్నీ కృష్ణకి పంపి, మురుగు మాత్రం కొల్లేటికి వదులుతూ పోతే, వేసవిలో ఉప్పుటేరు నుంచి ఉప్పునీళ్లు ఎగదన్నడానికి దారిస్తున్నట్టే. కొల్లేటి లంకల్లో మా స్నేహితుడి ఇంట్లో మంచినీళ్లు క్యాన్లలో వస్తాయి, చుట్టూ సరస్సు పెట్టుకుని. కాబట్టి బుడమేరుని మొత్తం కృష్ణలో కలిపేయాలన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ క్యాన్లు గుర్తొస్తాయి.

ఇదంతా చెప్తే, పాత ఏరు వెడల్పు చేయాలంటే ఎన్ని ఇళ్లు తీయాలి, అది జరిగే పనేనా అని ఒక పెద్దమనిషి నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్న. అన్నిచోట్లా వెనకటి వెడల్పు రాదు. కానీ నీళ్లు ఆగేది అన్నిచోట్లా కాదు. వంతెనల కింద, రైలు కట్టల దగ్గర, ఎనికేపాడు యూటీ (ఏలూరు కాలువ కిందుగా ఏరు దాటే అండర్ టన్నెల్) దగ్గర ఇరుకవుతుంది. కాలువ కింద సొరంగం పట్టినంతే నీళ్లు పోతాయి, దానికి ఎగువన ఎంత వెడల్పు చేసినా ఉపయోగం లేదు. ముందు యూటీ, తర్వాత వంతెనలు, ఆ తర్వాతే గట్లు. కిందినుంచి పైకి రావాలి ఈ పని. ఇళ్లు తీయక తప్పని చోట అదే చుట్టుపక్కల, ముంపు లేని ఎత్తులో, అంతకు తగ్గ ఇల్లు ముందు చూపించి, తాళంచెవి చేతికిచ్చాకే పాత ఇంటి మీద చెయ్యి వేయాలి. నలభై కిలోమీటర్ల అవతల స్థలమిస్తే సింగ్‌నగర్‌లో ఇళ్లలో పని చేసుకునే మనిషి బతకదు.

పై వాన అంతా వెలగలేరు దాకా రానివ్వకపోవడం ఇంకో ఉపాయం. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదుని ముంచాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహా అదే. ఊళ్లోకి రాకముందే పైన ఆపండి అన్నాడు. అలా వచ్చినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. బుడమేరు మీద అంత పెద్ద జలాశయం కట్టాలని నేననను. మైలవరం, జి.కొండూరు వైపు ఊరచెరువుల కట్టలు గట్టిచేసి, పూడిక తీసి, అలుగులు సరిచేస్తే ఒక్కో చెరువు వరదని ఒక గంట ఆలస్యం చేసినా చాలు. అన్ని వాగులూ ఒకేసారి వచ్చి వెలగలేరు మీద పడవు.

గంట అంటే ఎంతో డాబా మీద నాలుగు రోజులున్నవాళ్లని అడగాలి. గేట్లెత్తుతున్నాం అన్న మాట సింగ్‌నగర్‌కి ఒక్క గంట ముందు సరిగా చేరి ఉంటే పక్కింటి ముసలాయన్ని పైకి ఎక్కించడానికి నలుగురు కుర్రాళ్లు మెడలోతు నీళ్లలో దిగాల్సి వచ్చేది కాదు. సర్టిఫికెట్లు, దస్తావేజులు, పాలిచ్చే గేదెలు దక్కేవి. ఎగువ వాగుల మీద వాన, వెలగలేరు గేజీలో నీటిమట్టం, కృష్ణలో మట్టం, ఈ మూడు అంకెలు ఒక్కచోట, ప్రతి గంటకీ, ఎవరైనా ఫోన్లో చూసుకునేలా తెలుగులో ఉండాలి. ఫలానా మట్టానికి మొదటి సైరను, ఫలానా మట్టానికి రెండోది, ఏ వీధి వాళ్లు ఏ బడికి వెళ్లాలి అన్నది ప్రతి వార్డులో గోడ మీద రాసి ఉండాలి.

ఈ ఏడాది మొదటి పెద్ద వానకి రాత్రి పదకొండింటికి పెద్దమ్మ ఫోన్ చేసింది. బియ్యం, పప్పుల డబ్బాలు అటక మీద పెట్టేసిందట. కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో కట్టి పెదనాన్న తలకింద పెట్టిందట. "బ్యారేజీ సంగతి టీవీలో చెప్తున్నార్రా. వెలగలేరులో ఎంతుందో కనుక్కుని చెప్పు, అప్పుడు పడుకుంటాను" అంది. ఆ ఊళ్లో తెలిసినాయన నంబరు వెతికి, నిద్ర లేపినందుకు క్షమించమని అడిగి, టార్చి పట్టుకుని వెళ్లి గేజీ చూసొచ్చి చెప్పమన్నాను. అరగంటకి ఆయన తిరిగి ఫోన్ చేసి, ఏం భయం లేదు, నీళ్లు కిందే ఉన్నాయన్నాడు. పెద్దమ్మకి చెప్పేసరికి పన్నెండయింది. ఇంకా మెలకువగానే ఉంది.